సెకండ్ హ్యాండ్ కవచధారణం

ప్రబంధమన్నాక ముందు ఇష్టదేవతాస్తుతి ఉండాలి గనుక, డ్యాష్‌బోర్డు మీద డబుల్ టేపుతో స్థిరనివాసం ఏర్పరచుకున్న విఘ్ననాయకుడికి తొలి నమస్కారం. పాత ఓనరు ఆయన్ని వెంట తీసుకుపోకపోవడం బండి మీద దయా, టేపు గట్టిదనమా అన్న చర్చ తరువాతి ఆశ్వాసానికి వాయిదా. కుకవినింద కూడా చెయ్యాలి. ఏడేళ్లపాటు క్లచ్చు మీంచి కాలు తియ్యకుండా నడిపిన ఆ ఓనరుకే అది అంకితం.

మియాపూర్ చేరువలో ఒక పాతకార్ల షోరూము. అందులో షాంపూస్నాతలై, పాలిష్‌లేపితలై, టైర్లకు నల్లరంగు పారాణి పెట్టించుకుని స్వయంవరానికి నిలబడ్డ శకటకన్యల నడుమ, వెండిరంగు స్విఫ్ట్ ఒకటి. 2016లో టీఎస్ వంశాన పుట్టింది. 2024లో టీజీ రాజ్యం వచ్చినా నంబరు పలక మార్చని వంశాభిమాని. గుండె ఫియట్ అనే ఇటలీ మహర్షి ప్రసాదించిన 1,248 సీసీ డీజిల్‌ది, అందులో 75 గుర్రాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 యుగం ప్రవేశించడంతో మారుతివారు డీజిల్ సన్యాసం పుచ్చుకున్నారు కాబట్టి ఆ కులానికి ఇక కొత్త సంతానం లేదు. మీటరు 82,000 అంటోంది. మీటర్లు ఏమైనా అంటాయి.

కర్ణుడికి కవచం పుట్టుకతోనే వచ్చింది. కొత్తకారుకూ అంతే, కంపెనీ వారంటీ ఒంటినంటే ఉంటుంది. ఈ బండి కవచాన్ని కాలమనే ఇంద్రుడు బ్రాహ్మణ వేషమైనా వెయ్యకుండా ఎప్పుడో ఊడబెరుక్కుపోయాడు. ఇప్పుడిక కొనుక్కోవాల్సిందే. అందుకే కంఠపాశం లాంటి టై బిగించుకున్న సేల్స్ కుర్రాడు మేఘగంభీర స్వరంతో అందుకున్నాడు. "13,999కే ఎక్స్‌టెండెడ్ వారంటీ సార్. ఇంజిన్, గేర్‌బాక్స్ మొత్తం కవర్. ఏడాది దాకా బేఫికర్!" ప్లస్ జీఎస్టీ అన్నమాట మాత్రం "అశ్వత్థామ హతః" తర్వాత ధర్మరాజు గొణిగిన "కుంజరః" లాగా ఏసీ హోరులో కలిసిపోయింది. 18 శాతం చేరితే అది 16,518 రూపాయల 82 పైసలు. బండి కొనవచ్చిన మన కథానాయకుడు అప్పటికే జేబు తడుముకుంటున్నాడు. పక్కన శల్యసారథ్యం చేస్తున్న బావమరిది ఊరుకుంటాడా? "టర్బో గనక పోయిందంటే బండి అమ్మినా ఆ ఖర్చు తీరదు బావా!"

అంతట శాసనగ్రంథం తెరుచుకుంది. ఏమేం వస్తాయో చెప్పే పుట ఒకటి, పెద్దక్షరాల్లో. ఏమేం రావో చెప్పే పుటలు మాత్రం పద్మవ్యూహంలా చుట్లు చుట్లు తిరిగి, చీమతల అక్షరాల్లో మోహరించి ఉన్నాయి. మొదటి వరుసలో క్లచ్చు ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపరు బ్లేడ్లు, టైర్లు, బ్యాటరీ, బల్బులు. వీళ్లంతా అరుగుదల వీరులు, యుద్ధంలో పడితే లెక్కలోకి రారు. వెనక రబ్బరు బుష్‌లు, గొట్టాలు, సీళ్లు. వాటి వెనక, పంచెకట్టు సర్దుకుంటూ, ఎలుక! డ్యాష్‌బోర్డు మీద స్వామి, బానెట్ కింద స్వామివారి వాహనం. వాహనం వైరు కొరికితే క్లెయిము లేదు, స్వామికే మొక్కుకోవాలి. వరుణుడికీ ఇదే న్యాయం. నిలిచిన నీళ్లలో స్టార్టు చేసి ఇంజిన్ పట్టేస్తే ఆ పాపం నడిపినవాడిది. సర్వీసు వాళ్లు చెప్పిన చోటే, చెప్పిన గడువుకే చేయించాలి, ఒక్క బిల్లు పోయినా వ్రతభంగం. వాళ్ల అనుమతి రాకముందు మెకానిక్కు ఇంజిన్ విప్పాడో, అంతా అయిపోయినట్టే. ఇన్నీ దాటుకొస్తే ఏడాది లేదా 15,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇది యముడి ఆఫీసులో రాసిన వాక్యమని నా అనుమానం. రథచక్రం కుంగిందని కర్ణుడే ఈ కౌంటరుకు వచ్చి ఉంటే "రోడ్డు ప్రాబ్లమ్ సార్, వీల్ బేరింగ్ కూడా కవర్ కాదు" అని ఫైలు మూసేసేవారు.

ఇంత రణరంగం నడుస్తుండగా ఇల్లాలు బండిలో కూర్చుని సీటు బెల్టును చివరికంటా లాగి చూస్తోంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో ఎన్ని బండ్లు మునిగాయో ఆమెకు గుర్తుంది. సీట్లు కడుగుతారు, తివాచీ మారుస్తారు, బెల్టు చుట్టలో దాగిన బురదగీత మాత్రం చాలామందికి తోచదు. గీత లేదు. తివాచీ ఎత్తి వాసన చూసింది. బురదకంపూ లేదు. దిగి వచ్చి శాసనగ్రంథం అందుకుంది.

"రానివన్నీ చదివాను బాబూ. వచ్చేదేమిటి?"

"ఇంజిన్ మేడమ్."

"ఇంజిన్ ఎలా ఉంది?"

"సూపర్ మేడమ్! పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

"మరి పదహారు వేలు దేనికి?"

దేవదుందుభులు మోగలేదు గానీ లోపలి గదిలోంచి మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. బావమరిది పొగడ్తలేవో మొదలుపెట్టి అక్క చూపుకు ఆపేశాడు. సంధి కుదిరింది. పన్నుతో కలిపి 9,000, రెండు మ్యాట్లు, ఒక సెంటు సీసా.

"టర్బో వస్తుందా?"

"వస్తుంది మేడమ్, ఇంజిన్‌లో భాగమే కదా!"

"ఇందులో ఎక్కడుంది?"

మేనేజరు వెతికాడు, కుర్రాడు వెతికాడు. ఎక్కడా లేదు.

"అయితే చేత్తో రాసి, సంతకం పెట్టి, స్టాంపు వెయ్యండి."

స్టాంపు కోసం ముగ్గురు మూడు దిక్కులకు పరుగెత్తారు. చివరికి ఫారం 29, ఫారం 30ల కట్ట కింద మూర్ఛిల్లి దొరికింది. ప్యాడేమో ఎండిపోయింది. మేనేజరు పాంచజన్యం పూరించినంత నిష్ఠగా స్టాంపు మీద హా అని ఆవిరి ఊది, టర్బో అన్న మాట పక్కన బల్ల అదిరేలా గుద్దాడు. సగమే పడింది.

"ఇంకోసారి వెయ్యండి" అంది ఇల్లాలు.