జూన్ నెల చార్ట్ రెడీ

1975లో ఎమర్జెన్సీ ప్రకటించిన జూన్ 25ను ఇక మీదట ఏటా సంవిధాన్ హత్యా దివస్‌గా పాటించాలని కేంద్రం గెజిట్‌లో వేసింది. వేసింది 2024 జూలై 12న. బండి వెళ్ళిపోయిన పదిహేడు రోజులకి అదే బండిలో బెర్త్ కన్ఫర్మ్ కావడం మా ఖరగ్‌పూర్ ఖరిదా పేటలో ఎవరూ ఎరగరు. ఇక్కడ రైల్వేలో ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసి దిగినవాళ్ళు కూడా పాసు దగ్గర పెట్టుకుని, బుకింగ్ తెరుచుకునే రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఫోను పట్టుకుని కూర్చుంటారు. సంక్రాంతికి శ్రీకాకుళం రోడ్డుకి రెండు స్లీపర్లు దొరికితే ఆ పూట వీధికంతా టీలు.

కాబట్టి నాకు అర్థమైనదేమిటంటే, చరిత్రకీ రిజర్వేషన్ కౌంటర్లున్నాయి. ఢిల్లీలో పెద్దది. కలకత్తాలో, హైదరాబాదులో, అమరావతిలో తలా ఒకటి. తేదీలకి టికెట్లు కోసేది అక్కడే. జనరల్ కోటా, తత్కాల్, ఆర్ఏసీ, పెద్దవాళ్ళ సిఫారసు ఉత్తరాలు, అన్నీ నడుస్తాయి. జూన్ నెల చార్ట్ సంపాదించి చూశాను. పీక్ సీజను కదా, కాలు పెట్టే సందు లేదు.

ఈ 25వ తేదీ ప్రయాణికుడికి ఫస్ట్ ఏసీలో కూపే ఇచ్చారు. ఏ కోటాలో అంటారా, ఎమర్జెన్సీ కోటాలో. మంత్రి గారి లెటర్‌హెడ్ మీద బెర్తులు పుట్టించే ఆ కోటాకి రైల్వేలో ఉన్న పేరే అది, నేను కల్పించింది కాదు. గెజిట్ సంగతి బయటికొచ్చిందో లేదో కాంగ్రెస్ తరఫున జైరాం రమేశ్ పరుగున వచ్చి జూన్ 4ను మోదీ ముక్తి దివస్‌గా రాసుకోమన్నారు. ఆ రోజున లోక్‌సభ ఓట్లు లెక్కపెట్టి అప్పటికి ఆరు వారాలైనా కాలేదు. దాన్ని ప్రీమియం తత్కాల్ అంటారు. ధర ఎంతైనా సరే, ఈ క్షణంలో సీటు కావాలి.

20వ తేదీ దగ్గర కొట్లాట. 1947లో ఆ రోజున బెంగాల్ శాసనసభ విభజనకు ఓటేసింది. 2023లో రాజ్‌భవన్ దాన్ని పశ్చిమ బెంగాల్ దినంగా జరిపితే ముఖ్యమంత్రి కుదరదంటే కుదరదన్నారు. సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసి, ఆ టికెట్ రద్దు చేసి, బెంగాలీల ఉగాది పొయిలా బైశాఖ్ పేరున కొత్తది కోసింది. పాత ప్రయాణికుడు మాత్రం దుప్పటి ముసుగేసుకుని నిద్ర నటిస్తున్నాడు. 23వ తేదీ కింది బెర్తులో 1757 నాటి ప్లాసీ యుద్ధం, పై బెర్తులో 1953లో పోయిన శ్యామాప్రసాద్ ముఖర్జీ. ప్లాసీ గారికి 2024లో 267 ఏళ్ళు, అయినా ఫుల్ చార్జీయే కట్టారు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020లో ఎత్తేశారు, మళ్ళీ పెట్టలేదు.

ఇక జూన్ 2. అది మన తెలుగువాళ్ళ బెర్తు. ఆర్ఏసీ, అంటే ఒక బెర్తుకి ఇద్దరు. తెలంగాణ ఆయనకి రాష్ట్రం పుట్టినరోజు. పక్కనున్న ఆంధ్రా ఆయనకి రాష్ట్రం విడిపోయిన రోజు, అందుకని కొన్నేళ్ళు నవనిర్మాణ దీక్ష అని ఆ తేదీనే కూర్చున్నాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వం లేచి నవంబరు 1కి మారింది. 2024 జూన్‌లో అక్కడ మళ్ళీ పాత టీటీ డ్యూటీకి వచ్చాడు. ఇటు హైదరాబాదులో దశాబ్ది ఉత్సవాలు 2023లో ఒక ప్రభుత్వం ఇరవై ఒక్క రోజులు చేస్తే, 2024లో ఇంకో ప్రభుత్వం మళ్ళీ చేసింది. ఒకే టికెట్ మీద రెండుసార్లు ప్రయాణం చేస్తే మా దగ్గర ఫైన్ వేస్తారు. ధోనీ టీటీఈగా పనిచేసిన ఊరు మాది, ఆ మాత్రం రూల్సు మాకు తెలుసు.

టీ కొట్టు బల్ల మీద నేను ఈ చార్ట్ చదువుతుంటే, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిన బాబాయి ఒకాయన గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"24న ఏటుందిరా? గిరి గారిది."

వెతికాను. ఉంది. వెయిటింగ్ లిస్ట్.

వరాహగిరి వెంకటగిరి పుట్టిన బరంపురంలో ఇవాళ్టికీ కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. 1980 జూన్ 24న పోయారు. మా ఊరు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతిలో ఉన్న రోజుల్లో ఆ కంపెనీ కార్మికులను కూడగట్టిన మనిషి. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో సమ్మె జరిగింది, ఆ ఏడాదే లాకౌట్ కూడా. పని పోయినవాళ్ళ కోసం గిరి గారు నడిపిన సమ్మెకి కంపెనీ దిగొచ్చింది. ఆయన ఆ తర్వాత మంత్రి, గవర్నరు, రాష్ట్రపతి అయ్యారు. ఇన్ని హోదాలుండి కూడా బెర్త్ ఎందుకు దొరకలేదంటే, ఆయన ఏ కోటాలోనూ ఇమడరు. 1974 మేలో జార్జి ఫెర్నాండెజ్ పిలుపు మీద దేశమంతా రైళ్ళు ఆగినప్పుడు, వేలమందిని జైళ్ళలో కుక్కి, క్వార్టర్లలోంచి పెళ్ళాం పిల్లల్ని సామాన్లతో సహా వీధిలోకి తోసినప్పుడు, రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఈ గిరి గారే. బాబాయికి ఆ సంగతీ గుర్తే. "అప్పుడు మనిషి పెద్ద బంగళాలో ఉన్నాడు కదరా," అని ఊరుకున్నాడు. ఆగస్టులో గిరి గారు దిగిపోయాక వచ్చిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరుసటి జూన్‌లో ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టారు. రాజ్యాంగం హత్యకి రిహార్సల్ ఏడాది ముందే రైల్వే క్వార్టర్ల గుమ్మాల్లో అయిపోయిందన్నమాట. ఆ తేదీకి ఏ గెజిట్టూ లేదు, ఎందుకంటే సమ్మె చేసినవాళ్ళని తలచుకోవడం ఏ ప్రభుత్వానికీ సరదా కాదు.

వెయిటింగ్ లిస్టు వాళ్ళకి మాత్రం మా ఊళ్ళో స్థలానికి కొదవలేదు. ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగు. గోరఖ్‌పూర్ దాటేసింది, 2023లో హుబ్బళ్ళి దాటేసింది. నిలబడదలచుకున్నవాళ్ళకి ఇప్పటికీ సరిపోతుంది.

"మరి కోరమాండల్ వాళ్ళు?" అన్నాడు బాబాయి. "వాళ్ళదీ జూన్ రెండే కదరా. ఏ బెర్తు?"

వాళ్ళకి బెర్తు లేదు బాబాయ్. వాళ్ళు జనరల్లో ఎక్కారు.

2023 జూన్ 2న సాయంత్రం మా స్టేషన్ దాటిన కోరమాండల్, రాత్రి ఏడు కొట్టకముందే ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర లూప్ లైనులోకి దూరి, ఆగి ఉన్న ఇనప ఖనిజం గూడ్సును గుద్దింది. మా ఖరగ్‌పూర్ డివిజనే. 290 మందికి పైగా చచ్చిపోయారు. ఇంజిన్ వెనకాలే తగిలించిన జనరల్ బోగీలు నుజ్జయిపోయాయి. జనరల్ టికెట్ మీద పేరుండదు, వయసుండదు, ఆ బోగీ తలుపు మీద అంటించే చార్టే ఉండదు. చెన్నైలోనో కేరళలోనో కూలిపని దొరుకుతుందని నిలబడి వెళ్తున్న మనుషులు. 28 శవాలు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో నాలుగు నెలలు పడి ఉన్నాయి. నా వాడని చెప్పే మనిషి రాక, అక్టోబరులో నగరపాలక సంస్థ వాళ్ళే దహనం చేశారు. 1975 నాటి హత్యకి తేదీ, పేరు, ముద్దాయి అన్నీ గెజిట్‌లో వేయగల సర్కారు ఇది. ఆ 28 మంది ఎవరో చెప్పలేకపోయింది. సిగ్నల్ సర్క్యూట్‌లో తప్పు జరిగిందని తేల్చి ముగ్గురు ఉద్యోగులను అరెస్టు చేశారు. ముగ్గురూ పట్టాల పక్కన పనిచేసేవాళ్ళు. పైన గదుల్లో ఫైళ్ళు చూసేవాళ్ళలో ఒక్కరి పేరైనా ఎవరికైనా తెలుసా? మళ్ళీ 2024 జూన్ 17న మా బెంగాల్‌లోనే కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్సు గుద్దింది. మళ్ళీ శవాలు, మళ్ళీ లక్షల్లో పరిహారం, మళ్ళీ విచారణ.

బహనగాకి కూడా ఒక దివస్ ప్రకటిస్తామని ఎవరైనా ఇటు రావచ్చు. రావద్దు. మీ మైకులు, మీ పూలదండలు మీ దగ్గరే ఉంచుకోండి. కోరమాండల్‌కి ఇంకో నాలుగు జనరల్ బోగీలు తగిలించండి. ఎక్కే ప్రతి మనిషి పేరూ ఊరూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇవాళ సాయంత్రం బండి నుంచే.