నాలుగు మాటలే తేడా

రాజుగారికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో పామాయిల్ తోట ఉంది. చెరువు ముంచిన ఏడు తోట ఆదుకుంటుందని, తోట దెబ్బతిన్న ఏడు చెరువు నిలబెడుతుందని ఆయన లెక్క. 2025లో రెండూ కలిసి దెబ్బతీశాయి. రెండుసార్లూ ఆయన నా దగ్గరికే వచ్చారు. రిటైరైన సోషల్ మాస్టారుని కదా, ఢిల్లీకి అర్జీ అంటే మా పేటలో నన్నే పిలుస్తారు. నేను చెబుతుంటే బజారులో డీటీపీ కుర్రాడు కొడతాడు. రాతకూలి లేదు, టీ మాత్రం వస్తుంది.

మొదటిసారి జూన్‌లో వచ్చారు. అంతకు ముందే, మే 30న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది. పామాయిల్ గెలల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. అక్కడ సుంకం తగ్గితే ఇక్కడ రైతు చేతికొచ్చేదీ తగ్గుతుంది.

"మలేషియావాడు, ఇండోనేషియావాడు ఓడలకి ఓడలు దింపేస్తుంటే మేం ఏటైపోవాలండీ? గట్టిగా రాయండి మాస్టారూ. ఆర్థికమంత్రిగారు కుర్చీలోంచి లేవాలి."

నేను చెప్పాను, కుర్రాడు కొట్టాడు. పరాయి దేశాల నుంచి కారుచౌకగా వచ్చిపడుతున్న పామాయిల్ వల్ల మా తోటల్లో పంట కూలి డబ్బులకి కూడా చాలడం లేదు. మలేషియా, ఇండోనేషియాల్లో ప్రభుత్వాలు తమవాళ్లకి లోపాయికారీగా సాయం చేస్తున్నాయి. తిండి కోసం పరాయివాళ్ల మీద ఆధారపడిన దేశానికి భద్రత ఉండదు. సుంకం పెంచి భారత రైతుని బతికించండి.

"మన నేల పంట అని కూడా పెట్టండి" అన్నారు రాజుగారు.

"ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా అండి."

"పుట్టింది ఎక్కడైతేనేం, మెట్టింది మన మెట్టలోనే కదండీ!"

పెట్టాను. అంత అందంగా అడిగితే కాదనలేం.

కుర్రాడి తల్లికి సెంటర్లో బజ్జీల బండి ఉంది. వాడు కొట్టడం ఆపి, "నూనె ధర తగ్గితే మా అమ్మకి మంచిదే కదండీ?" అన్నాడు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ధరలు దింపడానికే సుంకం తగ్గించారు కాబట్టి వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు.

రాజుగారు కళ్లజోడు తీసి వాడికేసి చూశారు. "తినేవాడు ఎలాగోలా తింటాడబ్బాయ్. పండించేవాడు ఒకసారి పోతే మళ్లీ రాడు. ముందు దేశం సంగతి చూడాలి. కొట్టు, కొట్టు."

కొట్టాడు. రాజుగారు సంతకం పెట్టారు. అర్జీ వెళ్లింది.

రెండోసారి వచ్చింది ఆగస్టు ఆఖరున. ఆ నెల మొదట్లో అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. 27 నుంచి ఇంకో 25 కలిపింది. పాతవి కూడా చేరిస్తే రొయ్య మీద దగ్గరదగ్గర 58 శాతం. పెద్ద సైజు రొయ్యకి అసలు గిరాకీ అమెరికాలోనే. కొనేవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఆ ఉదయం నేను చెరువు గట్టు మీదికి వెళ్లేసరికి రాజుగారు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే పైకి లాగించి చూస్తున్నారు. మేత మొత్తం తినేసి, నల్లటి పేగు నిండుగా కనబడుతున్న రొయ్యలు ట్రేలో ఎగిరెగిరి పడుతున్నాయి. అంత ఆరోగ్యంగా ఉన్న పంటని చూసి ఏ రైతైనా మీసం తిప్పుతాడు. రాజుగారు మాత్రం తల పట్టుకున్నారు.

"పట్టేద్దామంటే ధర లేదు. ఉంచుదామంటే మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు. ఇంతకీ మనం చేసిన పాపం ఏటండీ?"

"రెండో పాతిక రష్యా నుంచి చమురు కొన్నందుకటండి."

"చమురు కొన్నది ఎవరో, చేతి చమురు వదిలింది నాకా?"

డీటీపీ సెంటర్‌కి వచ్చి కూర్చున్నాం. ఈసారి అర్జీ వాణిజ్యమంత్రి పేరిట. రాజుగారు మంచి ఊపు మీదున్నారు. "వ్యాపారానికి ఎల్లలు ఉండకూడదని రాయండి. మంచి సరుకు చౌకగా ఇచ్చేవాడికి జరిమానా వేయడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో అడగండి. అసలీ వనామీ రొయ్య ఎక్కడిదండీ? వాళ్ల వైపు పసిఫిక్ తీరానిదే కదా! 2009లో మన సర్కారు అనుమతిచ్చాక వచ్చింది. తల్లి రొయ్యలు ఇప్పటికీ ఫ్లోరిడా నుంచి, హవాయి నుంచి విమానం ఎక్కి వస్తున్నాయి. అమ్మమ్మగారింటికి వెళ్లే పిల్లకి టోల్ గేటు పెడతారా ఎవరైనా?"

అదీ రాయించాను. అప్పుడే నాకో చిలిపి ఆలోచన వచ్చింది. కుర్రాడి చెవిలో చెప్పాను. వాడు జూన్ నాటి ఫైలు తెరిచి, టకటకా ఏవో మార్చి, ఒక కాగితం తీసిచ్చాడు.

"రాజుగారూ, మన అర్జీ పంపేముందు అవతలివాళ్ల వాదన కూడా వింటే మంచిది. అమెరికాలో గల్ఫ్ తీరం రొయ్యలవాళ్ల గోడు ఇలా ఉంటుంది, వినండి" అని చదివాను.

"పరాయి దేశం నుంచి కారుచౌకగా వచ్చిపడుతున్న రొయ్యల వల్ల మా పడవల్లో పంట కూలి డబ్బులకి కూడా చాలడం లేదు..."

"చౌకగా ఇవ్వడం నేరమా? చేతకానివాళ్ల ఏడుపండీ ఇది!" అన్నారు రాజుగారు.

"ఇండియాలో ప్రభుత్వం తమవాళ్లకి లోపాయికారీగా సాయం చేస్తోంది..."

"శుద్ధ అబద్ధం! మాకెవడు చేశాడండీ సాయం?"

"తిండి కోసం పరాయివాళ్ల మీద ఆధారపడిన దేశానికి భద్రత ఉండదు..."

రాజుగారు కుర్చీలోంచి లేచారు. "రొయ్యకీ దేశభద్రతకీ ఏటండీ సంబంధం? వాళ్లు తినే రొయ్యల్లో నూటికి తొంభై పైగా బయటివే. ఇదంతా నలుగురు పడవలవాళ్ల స్వార్థం. దానికి దేశం పేరు అడ్డం పెట్టుకున్నారు. తినేవాడి సంగతి ఆలోచించక్కర్లేదా? ఇలాంటి రాతలు రాసినవాడికి సిగ్గుండాలి!"

నేను కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాను.

"రాసింది నేనేనండి. సంతకం మీది. జూన్‌లో మీరు పంపిన పామాయిల్ అర్జీ ఇది. నాలుగు మాటలే మార్చాం. పామాయిల్ తీసి రొయ్యలు పెట్టాం. మలేషియా, ఇండోనేషియాలు తీసి ఇండియా పెట్టాం. తోటలు తీసి పడవలు. భారత రైతు పోయి అమెరికా జాలరి."

కుర్రాడు కంప్యూటర్ వెనక్కి తల దించేశాడు. నవ్వుతున్నాడని భుజాలు చెప్తున్నాయి. రాజుగారు కాగితం విప్పి, కళ్లజోడు సర్దుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఇంకోసారి చదివారు. టీ తెప్పించారు. తాగుతున్నంతసేపూ మాట్లాడలేదు. అంత పెద్దాయనని నలుగురిలో చిన్నబుచ్చానేమోనని నాకే మనసు పీకింది.

గ్లాసు కింద పెట్టి అడిగారు. "నిజం చెప్పండి మాస్టారూ. ఆ అమెరికావాళ్లు కూడా అచ్చం ఇలాగే రాసుకుంటారంటారా?"

"మాటలు వేరు కావచ్చండి, దారి ఇదే. చౌక సరుకు తెచ్చి కుమ్మరిస్తున్నారు, అక్కడి సర్కారు సబ్సిడీలిస్తోంది, మా పడవలు ఒడ్డున పడి ఉంటున్నాయి. వాళ్ల వాదన ఇంతే."

"అలా రాసినందుకు వాళ్లకేమైనా దక్కిందా?"

"దక్కకేమండీ? మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచీ ఉంది. సబ్సిడీల పేరు చెప్పి నిరుడు 2024లో ఇంకో సుంకం వేయించుకున్నారు."

"అంటే ఇరవై ఏళ్లుగా పనిచేస్తోందన్నమాట!"

"ఆయ్, అంతేనండి."

రాజుగారి ముఖం చెరువులో ఏరేటర్ వేసినట్టు తేరుకుంది. కుర్రాడి వైపు తిరిగారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ నాలుగు మాటలూ మళ్లీ మార్చేసి జూన్ అర్జీ ఇంకో కాపీ తియ్యి. అంత గట్టి అర్జీని ఒక్కసారి పంపి ఊరుకున్నాం. అక్కడే పొరపాటు చేశాం."

ఆ సాయంత్రమే రెండు కవర్లూ స్పీడ్ పోస్టులో ఢిల్లీ వెళ్లాయి. దేశ ప్రయోజనం కోసం సుంకం పెంచమని ఒకటి. స్వేచ్ఛా వాణిజ్యం కోసం సుంకం తీయించమని ఇంకొకటి. రెండింటి కిందా సంతకం ఒక్కటే.