మ్యూజియం పెదనాన్న

ఊరి నుంచి చుట్టాలు దిగితే వాళ్లని సాలార్‌జంగ్ మ్యూజియానికి తిప్పే పూచీ పెదనాన్నదే. ఇలాంటి పెదనాన్న లేని ఇల్లు హైదరాబాదులో ఉండదు. శుక్రవారం సెలవన్న సంగతి మాత్రం సరిగ్గా చెబుతాడు. మిగతాదంతా సొంత పరిశోధన.

వస్తువు పక్కన పెట్టిన బోర్డు చదవడం ఆయనకి నామోషీ. "చదువురాని వాళ్ల కోసం పెట్టార్రా అవి" అంటాడు. 1829లో పుట్టిన మొదటి సాలార్‌జంగూ, 1949లో పోయిన ఆయన మనవడు మూడో సాలార్‌జంగూ పెదనాన్న నోట పడి ఒకే మనిషైపోతారు. 120 ఏళ్లు బతికిన వాడు అన్ని సామాన్లు పోగేయడంలో వింతేముంది మరి!

ముసుగు రెబెక్కా దగ్గర గొంతు తగ్గిస్తాడు. "బొమ్మ పాలరాయే. పైన మటుకు తడి మస్లిన్ గుడ్డ అతికించారు." ముసుగూ రాయేనని, బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కాడని, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడని చెప్పబోతే వినేదెవరు? పిల్లలు అప్పటికే వంగి, పక్కకి తిరిగి, గుడ్డ అంచు ఎక్కడుందా అని వెతుకుతుంటారు. నిజం చెప్పొద్దూ, ఆ లేని అంచు కోసం వాళ్లు బొమ్మని చూసినంతసేపు, బోర్డు బుద్ధిగా చదివి ఫొటో తీసుకుని పోయేవాళ్లు చూడరు.

తర్వాత జంట శిల్పం. ఒకే దుంగలో ముందు నిక్కుతూ నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక తల వంచుకున్న మార్గరెటా. ఆవిడ అద్దంలో కనిపిస్తుంది. "మొగుడూ పెళ్లాలు" అని తేల్చేస్తాడు పెదనాన్న.

"ఆ పిల్ల తల వంచుకోవడం చూస్తే తెలియట్లా" అంటుంది పెద్దమ్మ, అదే అద్దంలో జడ సర్దుకుంటూ.

పన్నెండవుతోందంటే అందర్నీ గడియారం దగ్గరికి తోలుకొస్తాడు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్లది. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే జనమంతా ఫోన్లెత్తి నోళ్లు తెరుస్తారు. పెదనాన్న తన చేతి గడియారం చూసుకుని, "రెండు నిమిషాలు లేటు" అని బొమ్మని మందలిస్తాడు.

వెనక నుంచి ఎవరో విజయవాడ కుటుంబం, ఇందాకట్నుంచీ వింటూ వస్తున్నట్టుంది, "గైడుగారూ, ఇప్పుడెటు?" అని అడుగుతుంది. పెదనాన్న చొక్కా సర్దుకుంటాడు.

"జహంగీరు బాకు చూపిస్తా రండి. నూర్జహాన్‌తో మాటామాటా వచ్చినప్పుడు తీసింది."