తీసివేతల పండితుడు

విజయవాడలోని మొగల్రాజపురం, సత్యనారాయణపురం, పటమట వంటి పేటలలో ఇంజనీరింగు చదివి, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న వారి నడుమ తరచుగా తారసపడే ఒక మనిషిని, ఇంతకంటే తగిన పేరు దొరకనందువల్ల, తీసివేతల పండితుడనవలసి వస్తున్నది. ఇతని శాస్త్రం లినక్సు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన కెర్నెలును ఆధారం చేసుకుని, దాని చుట్టూ రకరకాల ప్రోగ్రాములు చేర్చి పలువురు పంచిపెడుతున్న ఆపరేటింగ్ సిస్టంలను ఆ పేరుతో వ్యవహరిస్తారు. ఒక్కొక్క కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. మామూలు మనిషి అటువంటి కూర్పును కంప్యూటరులో ఎక్కించుకున్నాక అందులో ఏమేమున్నాయో చూసుకుని సంతోషిస్తాడు. ఈ పండితుడు మాత్రం ఏమేమి లేకుండా చేయవచ్చునో చూస్తాడు. కాలిక్యులేటరును, టెర్మినల్‌లో లెక్క కట్టుకోవచ్చునని తీసివేస్తాడు. ఫైళ్లు చూపే కిటికీని, ఆదేశాలు తెలిసినవాడికి అది దేనికని తీసివేస్తాడు. గడియారాన్ని, గోడకు ఒకటి ఉన్నది గనుక తీసివేస్తాడు.

ఇతడు తన కంప్యూటరుకు పట్టించే మడి, వెనుకటి తరంలో ఇతని నాయనమ్మ వంటింటికి పట్టించినదానికి ఏమాత్రం తీసిపోదు. ఒక ప్రోగ్రాము నడవడానికి తప్పనిసరిగా కావలసిన ఇతర ప్యాకేజీలను డిపెండెన్సీలనీ, తప్పనిసరి కాకపోయినా తోడుంటే మేలని ఆ ప్యాకేజీ కట్టినవారు సూచించేవాటిని సిఫార్సులనీ అంటారు. డెబియన్ అనే పేరుమోసిన డిస్ట్రిబ్యూషన్, 2009లో వెలువడిన లెన్నీ కూర్పు మొదలుకొని, ఈ సిఫార్సులను కూడా అడగకుండానే ఎక్కించడం ఆనవాయితీగా పెట్టుకుంది. పండితుడు కంప్యూటరు కొన్న నాడే సెట్టింగుల ఫైలులో సిఫార్సులు చెల్లవని ఒక వాక్యం రాసిపెడతాడు. ఆ వాక్యం రాసిన చేత్తోనే తిరుమల దర్శనానికి ఎమ్మెల్యేగారి ఉత్తరం కోసం అర్జీ రాసుకోవడంలో ఇతనికి వైరుధ్యమేమీ తోచదు.

అసలు చిక్కు తెలుగు దగ్గర వస్తుంది. కనీసపు ఇన్‌స్టలేషన్‌లో తెలుగు ఫాంటు ఉండి తీరాలన్న నియమమేదీ లేదు. ఉన్నా, కోడు రాసుకునే యంత్రానికి దానితో పనేమిటని పండితుడే మొదటి విడతలో దాన్ని పంపించి వేస్తాడు. ఆదివారం ఉదయం దినపత్రిక చదువుకుందామని ఆ కంప్యూటరు ముందు కూర్చున్న తల్లికి, అక్షరాలుండవలసిన చోటల్లా వరుసగా చతురస్రాలు కనిపిస్తాయి. “ఏంట్రా ఈ డబ్బాలు? పేపరేదిరా?” అని ఆమె అడిగిన ప్రశ్నకు ఏ టెర్మినల్‌లోనూ సమాధానం లేదు గనుక, పండితుడు డెబియన్‌లో తెలుగు విజయం పేరుతో ఉన్న ఫాంట్ల ప్యాకేజీని తెచ్చుకుంటాడు. ఒక్క ఫాంటు కోసం వెళ్లినవాడి ఇంటికి భువనవిజయం కదిలి వస్తుంది. ఆ ప్యాకేజీలో ఫాంట్లకు కవుల పేర్లు, ప్రముఖుల పేర్లు పెట్టారు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వారందరి పైన సాక్షాత్తు శ్రీకృష్ణదేవరాయలు. తల్లి అన్నీ చూసి, చూపుకు హాయిగా ఉన్నదని మండలి ఫాంటును ఎంచుకుంటుంది. 1975 నాటి మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యం వహించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరది. ఆమె పుట్టిల్లు అవనిగడ్డ వైపు కావడం ఆ ఎంపికకు ఎంత కారణమో చెప్పడం కష్టం.

ఒకటి చాలునన్న పిమ్మట తక్కినవి పండితుని కంట్లో నలుసులవుతాయి. అన్నీ ఒకే ప్యాకేజీలో ఉన్నందువల్ల ఒక్కదాన్ని ఉంచి మిగిలినవి తీసివేయమనే ఆదేశం లేదు గనుక, ఫాంట్ల ఫోల్డరులోకి స్వయంగా దిగి, ఒక్కొక్క ఫైలునూ చేత్తో చెరిపివేస్తాడు. అల్లసానివారికి ఉద్వాసన అవుతుంది. ముక్కు తిమ్మన వెంట నడుస్తాడు. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్న రాయలవారు, ఆ ఊరికి కొద్ది దూరంలోనే, కొన్ని వందల కిలోబైట్లు ఆదా చేయడం కోసం రాజ్యభ్రష్టులవుతారు. ఎన్టీఆర్ పేరుతో ఉన్న ఫాంటు దగ్గర మాత్రం పండితుని వేలు ఆగుతుంది; 2022లో తన జిల్లాకే ఆ పేరు వచ్చిన తరువాత అంత సాహసం ఇతనికి లేదు. ఇంత చేసినా, ప్యాకేజీకి కొత్త కూర్పు వచ్చి అప్‌డేటు నడిచిన రోజున, చెరిపిన ఫైళ్లన్నీ యథాస్థానాలకు చేరతాయి. సభ మళ్లీ నిండుతుంది, పండితుడు మళ్లీ ఫోల్డరులోకి దిగుతాడు. ఇదంతా జరిగేది 512 జీబీ డిస్కులో, అందులో ముప్పాతిక భాగం ఖాళీగా ఉండగా.

మిగిలిన ఓటములు ఇంత రసవత్తరమైనవి కావు. “బావగారూ, ఈ కాగితం ఒక్కటి ప్రింటు తీసిపెడతారా?” అని గుడివాడ నుంచి వచ్చిన బావమరిది అడిగిన సాయంత్రం, కప్స్ అనే ప్రింటింగు వ్యవస్థ పరివారసమేతంగా ఇంట్లో ప్రవేశిస్తుంది. ఏలూరు రోడ్డులోని ప్రెస్సు నుంచి పెళ్లి శుభలేఖ ప్రూఫు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైలుగా వచ్చినప్పుడు మాత్రం పండితుడికి విచిత్రమైన ఊరట కలుగుతుంది. అది నిండుగా అన్నీ ఎక్కించుకున్న లినక్సులోనూ ఉన్నదున్నట్టుగా తెరుచుకోదు.

ఇతని కీర్తికి కొలమానం ఒక్కటే సంఖ్య: కంప్యూటరు తెరుచుకున్న వెంటనే ఖర్చయ్యే మెమొరీ. అది రెండు వందల మెగాబైట్ల లోపున ఉన్నదని చూపే బొమ్మను తీసి స్నేహితులకు పంపుతాడు. ఆ బొమ్మ పంపడానికి బ్రౌజరు తెరవాలి. బ్రౌజరు తెరిచి నాలుగు పేజీలు చూసేసరికి ఖర్చు గిగాబైటు దాటుతుంది. అందుచేత బొమ్మను ఎప్పుడూ బ్రౌజరు తెరవక ముందే తీయాలన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. 2023 అక్టోబరులో ఉబుంటు 23.10 కూర్పు, ఆఫీసు ప్రోగ్రాములు, ఆటలు పక్కన పెట్టి, బ్రౌజరు, కొద్దిపాటి పనిముట్లు మాత్రమే ఉండే కనీసపు ఇన్‌స్టలేషన్‌నే అందరికీ ముందుగా చూపడం మొదలుపెట్టినప్పుడు పండితుడు సంతోషించవలసింది. అయితే నలుగురికీ అప్పనంగా దొరికే వైరాగ్యం వైరాగ్యమెలా అవుతుందన్న బాధతో, ఇతడు ఆ వారమే తన వాల్‌పేపరును కూడా తీసివేశాడు.

ఇటువంటి పండితులిద్దరు బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో కలిసినప్పుడు వారి కనీసాలు రెండూ ఎన్నడూ ఒకటి కావు. మొదటివాడు ఘంటసాల పాటల కోసం ఎంపీవీ అనే ప్లేయరును అట్టిపెట్టుకుంటాడు. పాటలు బ్రౌజరులోనే వస్తాయి గదా, అది కొవ్వు అంటాడు రెండోవాడు. రెండోవాడి దగ్గర పీడీఎఫ్ చదివే ప్రోగ్రాము వేరుగా ఉంది. ఆ పని చేసేది కూడా బ్రౌజరే గదా అంటాడు మొదటివాడు. రెండు టీలు చల్లారి, మూడో టీ వచ్చేదాకా ఈ వాదం తెగదు. ఈలోగా పక్క బెంచీ మీద ఎవడో ల్యాప్‌టాప్ తెరిచి, దానికి వచ్చినవన్నీ వచ్చినట్టే ఉంచుకుని, నిశ్చింతగా పేకముక్కలు పేర్చే ఆట ఆడుకుంటూ కనిపిస్తాడు. ఇద్దరు పండితులూ తమ కుర్చీలు అతని వైపు జరుపుకుంటారు.