ఎక్స్‌పీ బాబాయి

ప్రెస్సులున్న ప్రతి వీధిలోనూ ఒక ఎక్స్‌పీ బాబాయి ఉంటాడు. బయట బోర్డు మీద ‘డీటీపీ, జిరాక్స్, లామినేషన్’ అని ఉంటుంది. లోపల కంప్యూటర్ మాత్రం సరికొత్తది, కొడుకు పోరు పడలేక కొన్నది. ఆన్ చేస్తే విండోస్ 11 వస్తుంది. బాబాయి దాన్ని కన్నెత్తి చూడడు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ని నడిపే వర్చువల్‌బాక్స్ తెరిచి, అందులో పాత విండోస్ ఎక్స్‌పీ పచ్చటి కొండా నీలాకాశమూ కనబడేదాకా టీ తాగుతూ కూచుంటాడు. అవి వచ్చాకే ఆయన లెక్కలో కంప్యూటర్ ఆన్ అయినట్టు.

ఎక్స్‌పీ బాధ్యతల్ని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే దులిపేసుకుంది. “వాళ్ళు వదిలేస్తే మనమూ వదిలేస్తామా?” అంటాడు, పిల్లలు గెంటేసిన ముసలాయన్ని చేరదీసినంత దర్జాగా. వైరస్ మాటెత్తితే నవ్వుతాడు. ఆ లోపలి కంప్యూటర్‌కి నెట్టే ఇవ్వలేదాయన.

ఇంత తతంగమూ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కోసం. 2001లో వచ్చిన 7.0తో దాని వంశం ఆగిపోయింది. దానికి జోడీ అనూ ఫాంట్లు. ఇంగ్లీషు అక్షరాలు కూచునే గళ్ళలో తెలుగు ముక్కల్ని కూచోబెట్టిన ఫాంట్లవి. యూనికోడ్ అంటే పేజ్‌మేకర్‌కి బొత్తిగా తెలియదు. అంచేత మీరు వాట్సాప్‌లో పంపిన శుభలేఖ మేటర్‌ని కన్వర్టర్‌లో వేసి తిప్పాలి. తిప్పగానే నాలుగు ఒత్తులు గల్లంతవుతాయి. వాటిని వెతికి పట్టుకునే లోపు మొత్తం మళ్ళీ కొట్టెయ్యడమే నయమని బాబాయి నమ్మకం. నిజంగానే కొట్టేస్తాడు కూడా, కీబోర్డు వంక చూడకుండా, మీతో రాజకీయాలు మాట్లాడుతూ.

“బాబాయ్, ఒక్కటి తప్పు పోయింది, వెనక్కి తియ్యి.”

“తీస్తా. ఒక్క అడుగే.”

పేజ్‌మేకర్‌లో అండూ ఒక్కసారే పనిచేస్తుంది. రెండో తప్పుకి దిక్కులేదు. “అలా ఉంటేనే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు” అని సిద్ధాంతం.

అప్పుడప్పుడు మౌస్ బాణం ఎక్స్‌పీ కిటికీలోనే ఇరుక్కుపోతుంది. కొత్తగా చేరిన కుర్రాడు కంగారుపడి వైరు పీకబోతాడు. బాబాయి మాట్లాడకుండా కుడి చేతి కంట్రోల్ నొక్కుతాడు. బాణం బయటికొస్తుంది. కుర్రాడు గురువుగారి కాళ్ళకి మొక్కడమే తరువాయి. హైపర్‌వైజర్ అనే మాట బాబాయి వినలేదు. ఆయన దాన్ని ‘డబ్బా’ అంటాడు.

ఇది కాక డాస్‌బాక్స్ అని ఇంకో డబ్బా. అందులో పాత ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న చీటీల లెక్క ఉంది. 64 బిట్ల విండోస్ అలాంటి 16 బిట్ల సరుకుని గడప తొక్కనివ్వదు. డాస్‌బాక్స్ పాత ప్రాసెసర్ వేషం కట్టి దాన్ని నడిపిస్తుంది. నడుస్తుంది గానీ ప్రింటు రాదు. అందుకని బాబాయి స్క్రీన్‌ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటోని ప్రింటు వేస్తాడు. లెక్కలు లేనప్పుడు అదే డబ్బాలో డేవ్ అనే పాత గేమ్ ఆడతాడు. ఆ సంగతి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

నవ్వుకోండి గానీ, రిటైరైన తెలుగు మాస్టారు ఇరవయ్యేళ్ళ కిందటి తన కవితల పుస్తకం సీడీ పట్టుకుని వీధంతా తిరిగితే, చివరికి తెరుచుకునేది ఇక్కడే. ఇన్‌డిజైన్ ఒకప్పుడు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరిచేది, తర్వాత ఆ మర్యాదా మానేసింది. బాబాయి డబ్బాలో మాత్రం పేజీలన్నీ అప్పటి మార్జిన్లతో, అప్పటి అచ్చుతప్పులతో సహా లేచి కూచుంటాయి. మాస్టారి కళ్ళు చెమరుస్తాయి. రేటు వినగానే మళ్ళీ చెమరుస్తాయి.

కొడుకు అమెరికాలో ఓ బ్యాంకుకి పనిచేస్తాడు. ఆదివారం వీడియో కాల్‌లో, “ఇంకా ఆ పాతసరుకేనా నాన్నా?” అని మొదలుపెడతాడు.

“నువ్వు చేసేదేంట్రా?”

“మెయిన్‌ఫ్రేమ్... కోబాల్.”

“అది ఎప్పటిది?”

“1959లో మొదలైంది.”

“నేను చేస్తే పిచ్చి, నువ్వు చేస్తే ప్రాజెక్టా?”

కొడుకు కాసేపాగి, “సర్లే, ఆ ఎక్స్‌పీ ఫైలుకి బ్యాకప్ ఉందా?” అంటాడు.

“ఎందుకు లేదూ! ఇదే కంప్యూటర్లో, డీ డ్రైవ్‌లో ఉంది.”