యెస్ అభిమానిగా స్థిరపడటం ఎలా?

మామూలు బ్యాండుకు అభిమాని కావాలంటే పాటలు నచ్చితే చాలు. ఇంగ్లండు ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు యెస్ విషయంలో ఆ ఒక్క అర్హతా సరిపోదు. వాళ్లు చేసినదాంట్లో కనీసం సగం మీకు నచ్చకూడదు. ఏ సగం అన్నది మీ ఇష్టం. ఒకసారి తేల్చుకున్నాక మాత్రం మాట మీద నిలబడాలి. అన్నీ బాగున్నాయనేవాణ్ణి అక్కడ ఎవరూ లెక్కచేయరు. వాడు అసలు వినలేదనుకుంటారు.

1968లో లండన్‌లో గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వయర్ కలిసి మొదలుపెట్టిన ఈ బ్యాండు ఇంకా నడుస్తూనే ఉంది. మొదటి ఐదుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. కొందరు వెళ్లారు, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, తిరిగొచ్చినవాళ్లు మళ్లీ వెళ్లారు. పాట పాడే మనిషి మారాడు, శైలి మారింది, ఒక దశలో దేశం కూడా మారినంత పనైంది. కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి వాక్యం ఇది: ‘అది అసలు యెస్ కాదండీ.’ ఏ ఆల్బం గురించి మాట వచ్చినా దీన్ని నిశ్చింతగా వాడొచ్చు. ఎదుటివాడు మాత్రం మీ వయసెంతో లెక్కేసుకుంటాడు. ఎందుకంటే పదహారేళ్లప్పుడు చేతికొచ్చిన రికార్డే అసలు యెస్. దానికి ముందువన్నీ సాధన, తర్వాతవన్నీ పతనం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడికి కనీసం కుందేలు ఒక్కటే. ఇక్కడ ఇరవైకి పైగా ఉన్నాయి, దేని కాళ్ల లెక్క దానిదే.

అన్నిటికన్నా గౌరవప్రదమైన స్థానం కావాలంటే 1972 దగ్గర ఆగిపోండి. ‘ది యెస్ ఆల్బం’, ‘ఫ్రాజైల్’, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ మూడూ రెండేళ్లు తిరక్కుండానే వచ్చాయి. మూడోదాంట్లో మొదటి వైపంతా ఒకే పాట, పద్దెనిమిది నిమిషాల పైచిలుకు. హెర్మన్ హెస్సే ‘సిద్ధార్థ’ నవల దాని వెనక ఉందన్నది అందరికీ తెలిసిందే, అయినా మీకొక్కరికే తెలిసినట్టు చెప్పండి. ఆ ఆల్బం రికార్డింగు అయిపోగానే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్యాండుకు వెళ్లిపోయాడు. బ్రూఫర్డ్ పేరు వచ్చినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడవాలి. ఆయన స్థానంలో వచ్చిన ఆలన్ వైట్, పర్యటన మొదలయ్యేలోపు ఆ చిక్కు పాటలన్నీ నేర్చుకోవడానికి మూడు రోజులు దొరికినవాడు, 2022లో చనిపోయేదాకా అదే బ్యాండులో ఉన్నాడు. యాభై ఏళ్లు. మీరు మాత్రం ఆయన్ని ‘బ్రూఫర్డ్ తర్వాత వచ్చినాయన’ అనే అనాలి.

ఇక మహాయుద్ధం ‘టేల్స్ ఫ్రం టోపోగ్రాఫిక్ ఓషన్స్’ దగ్గర మొదలవుతుంది. దీని గురించి అభిప్రాయం లేకుండా ఈ గడప తొక్కకండి. 1973లో టోక్యోలో ఉండగా ఆండర్సన్ పరమహంస యోగానంద ఆత్మకథ చదువుతున్నాడు. అందులో ఒకచోట పేజీ కింద చిన్న అక్షరాల్లో శాస్త్రాల వివరణ ఉంది: శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఆయనకు ఆ అధోజ్ఞాపిక పట్టుకుంది. దాని నుంచి రెండు రికార్డులు, నాలుగు వైపులు, వైపుకొక్క పాట, మొత్తం ఎనభై నిమిషాలు పుట్టుకొచ్చాయి. పుస్తకాల్లో అధోజ్ఞాపికలు ఎవరూ చదవరని బాధపడే పండితులు ఈ సంగతి తెలుసుకుని ధైర్యం తెచ్చుకోవాలి. మరీ ఎక్కువ ధైర్యం తెచ్చుకోకూడదు.

మనవాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. లండన్ అయినా డాలస్ అయినా ఏ కచేరీ వరసలోనైనా పక్కన కూర్చున్న తెల్ల జుట్టు పెద్దాయన శ్రుతి, స్మృతి అని మొదలుపెడితే మీరు కళ్లు సగం మూసి తలాడించండి. మీరు పుట్టుకతోనే నాలుగు వైపులూ అర్థమైనవారని ఆయన నమ్ముతాడు. తంత్రం గురించి అడిగితే మాత్రం మంచినీళ్ల కోసమని లేవండి.

ఈ ఆల్బంను తిట్టాలనుకునేవారికి సాక్షి బయటివాడు కాదు, అందులోనే కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్. ఒక రికార్డుకు ఎక్కువ, రెండు రికార్డులకు తక్కువ, మిగిలిన చోటంతా సాగదీసి నింపామన్నది ఆయన వాదన. పర్యటనలో మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో ఆయన వేదిక మీదే, పాట నడుస్తుండగానే, కీబోర్డుల మీద పొట్లాలు పరిచి భారతీయ భోజనం చేశాడు. కచేరీ అయ్యాక తినడానికి ఏం కావాలని సహాయకుడు అడిగితే చెప్పాననీ, అతను అప్పుడే తెచ్చిపెట్టాడనీ ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆయన చెప్పే జాబితాలో కోడి విందాలూ, అప్పడాలు, బెండకాయ కూర కూడా ఉన్నాయి. శ్రుతిస్మృతుల పాటకు ఆ పూట భారతదేశం రెండు దారుల్లో వేదిక ఎక్కిందన్నమాట. 1974లో ఆయన బ్యాండు వదిలేశాడు. తనకూ, బ్యాండుకూ ఉన్న అలవాటు ప్రకారం తర్వాత తిరిగొచ్చాడు.

తిట్టేవాళ్లు ఆ బెండకాయ కూరను రుజువుగా చూపిస్తారు. పొగిడేవాళ్లు బ్రిటన్‌లో ఆ ఆల్బం నంబర్ వన్ అయిందని గుర్తుచేస్తారు. నన్నడిగితే మొదటి వైపు, నాలుగో వైపు అద్భుతం. మధ్యలో రెండు వైపులు మంచి ఎండాకాలం మధ్యాహ్నానికి పనికొస్తాయి. నా మాట నమ్మనక్కర్లేదు, బ్యాండే ఒప్పుకున్నట్టుంది. 2016లో ఈ ఆల్బంను మళ్లీ వేదికెక్కించినప్పుడు ఒకటి, నాలుగు వైపులు వాయించి, మూడోదాంట్లోంచి చిన్న ముక్క తీసుకున్నారు. రెండో వైపు ఊసే లేదు. ఈ సంగతి రెండో వైపు అభిమానులకు (ఉన్నారు, నిజంగానే ఉన్నారు) చెప్పేటప్పుడు కొంచెం దూరంగా నిలబడి చెప్పండి.

తర్వాతి ఆల్బంలు ‘రిలేయర్’, ‘గోయింగ్ ఫర్ ది వన్’ గురించి ఎవరూ గట్టిగా పోట్లాడరు కాబట్టి మీకు వాటితో పనిలేదు. ‘టోర్మాటో’ను అందరూ తిడతారు కాబట్టి దాంతోనూ పనిలేదు.

1980 దగ్గర మాత్రం జాగ్రత్త. ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో ఎవరొచ్చారయ్యా అంటే బగుల్స్. రేడియో గాయకుణ్ణి వీడియో చంపేసిందని పాడి అప్పుడే హిట్టు కొట్టిన ఇద్దరు కుర్రాళ్లు, ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్. ఇరవై నిమిషాల పాటలకు అలవాటు పడిన జనం ముందు, ఆండర్సన్ తారస్థాయిలో పాడిన పాటలను హార్న్ రాత్రి తర్వాత రాత్రి పాడాల్సి వచ్చింది. ఇంగ్లండులో కొన్నిచోట్ల జనం గోల చేశారు. ఆ ‘డ్రామా’ ఆల్బంను అప్పట్లో తిట్టడం పద్ధతి. ఇప్పుడు పొగడటం పద్ధతి. అప్పుడు తిట్టి ఇప్పుడు పొగిడేవారు ‘నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను’ అనాలి. పాత సంగతులకు సాక్షులు ఎవరూ మిగల్లేదని ముందు చూసుకోవాలి.

1983లో వచ్చిన ‘90125’ ఇంకా మొండి సమస్య. స్క్వయర్, వైట్, దక్షిణాఫ్రికా గిటారిస్టు ట్రెవర్ రాబిన్ కలిసి సినిమా అనే పేరుతో కొత్త బ్యాండు పెట్టుకున్నారు. మొదట్నాటి కీబోర్డు వాద్యకారుడు టోనీ కే కూడా చేరాడు. చివర్లో ఆండర్సన్ వచ్చి పాడటంతో అది యెస్ అయిపోయింది. ఆల్బం పేరు రికార్డు కంపెనీ కేటలాగు నంబరు. నిర్మాత ఎవరు? మూడేళ్ల కిందట వేదిక మీద గోల చేయించుకున్న ట్రెవర్ హార్నే. అందులోని ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ పాట అయింది. యెస్‌కు అక్కడ ఆ స్థానం మరెప్పుడూ దక్కలేదు. పాత అభిమానులు దీన్ని అమ్ముడుపోవడం అంటారు. మీరూ అనండి. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు అద్దాలు పైకెత్తి పాడుకోండి. అందరూ అదే చేస్తారు. ఆ పాటతో యెస్‌లోకి వచ్చినవాళ్లు మాత్రం ఇరవై నిమిషాల పాటల దగ్గర ‘పల్లవి ఎప్పుడొస్తుంది?’ అని అడుగుతారు. కోప్పడకండి. నాలుగో నిమిషంలో వస్తుందని చెప్పి, ఆరో నిమిషం దాకా ఓర్చుకోమనండి.

1989 నాటికి కథ కోర్టు మెట్ల దాకా వెళ్లింది. ఆండర్సన్ బయటికొచ్చి బ్రూఫర్డ్, వేక్‌మన్, గిటారిస్టు స్టీవ్ హౌలను పోగేశాడు. నలుగురూ పాత యెస్సే. పేరు మాత్రం స్క్వయర్ వైపు ఉండిపోయింది. దాయాదులు ఇంటిపేరు కోసం తగువులాడుకున్నట్టు ఉందా? సరిగ్గా అలాగే. వీళ్లు నలుగురి పేర్లూ వరసగా రాసుకుని ఆల్బం వేశారు, వకీళ్ల కంపెనీ బోర్డులాగా. రెండేళ్లకు రాజీ కుదిరింది. ఇటు నలుగురు, అటు నలుగురు, ఎనిమిది మందితో ‘యూనియన్’ వచ్చింది. రెండు వర్గాలు విడివిడిగా చేసిన పాటలను ఒక కవర్లో పెట్టారు. కొన్నిచోట్ల వీళ్ల వాయింపు తీసేసి బయటివాళ్ల వాయింపు చేర్చారు. వేక్‌మన్ దాన్ని ఉల్లిపాయ అని పిలిచాడు. వింటే కళ్ల నీళ్లొస్తాయట. తిలా పాపం తలా పిడికెడు. అయితే ఆ ఎనిమిది మందీ గుండ్రంగా తిరిగే వేదిక మీద చేసిన పర్యటన అద్భుతమని చూసినవాళ్లందరూ అంటారు. ఆల్బం చెత్త, పర్యటన గొప్ప. యెస్ అభిమానులకు ఏకాభిప్రాయం ఉన్న విషయం బహుశా ఇదొక్కటే. కాబట్టి దాన్ని చర్చకు తేవద్దు, సాయంత్రం చప్పబడిపోతుంది.

2008 తర్వాతి యెస్ గురించి మీరు ఎక్కువ నేర్చుకోనక్కర్లేదు. కానీ ఒక్క ఉచ్చు ఉంది, పడకండి. ఆండర్సన్‌కు ఊపిరి సంబంధమైన అనారోగ్యం వస్తే, యెస్ పాటలే పాడే ఒక అనుకరణ బృందం నుంచి కెనడా గాయకుడు బెన్వా డేవిడ్‌ను యూట్యూబ్‌లో చూసి తెచ్చుకున్నారు. 2012లో ఆయన స్థానంలో జాన్ డేవిసన్ వచ్చాడు. కనీసం జాన్ అన్న పేరైనా మిగిలింది. ‘ఆండర్సన్ లేనిది యెస్ కాదు’ అని మీరు ఆవేశపడగానే ఎదుటివాడు ‘మరి డ్రామా?’ అంటాడు. ‘స్క్వయర్ లేనిది యెస్ కాదు’ అనడం కొంచెం భద్రం. 2014 దాకా ప్రతి స్టూడియో ఆల్బంలోనూ ఉన్నది ఆయనొక్కడే. కానీ 2015లో ఆయన పోయాడు. తన స్థానంలో బిల్లీ షెర్వుడ్ వాయించాలని ఆయనే కోరుకున్నాడు. ఇప్పుడు ఆయన మాట కాదంటారా, ఆయన లేని బ్యాండును కాదంటారా? ఇక్కడ దగ్గు వచ్చినట్టు నటించండి.

2018లో యాభై ఏళ్ల పండగ రెండు యెస్‌లు చేసుకున్నాయి. హౌ నడిపేది ఒకటి. ఆండర్సన్, రాబిన్, వేక్‌మన్‌లది మరొకటి. అభిమానులు రెండింటికీ టికెట్లు కొని, రెండింటినీ నకిలీ అన్నారు. ఇదే మీరు అందుకోవలసిన స్థాయి.

ఒక్క ప్రమాదం చెప్పి ముగిస్తాను. ఈ గోడలేవీ ఆ సంగీతకారులు కట్టుకున్నవి కావు. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేం గౌరవం అందుకున్న రాత్రి, రాబిన్ కాలపు ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’లో బేస్ గిటారు వాయించింది డెబ్బైల వర్గం ఆరాధించే స్టీవ్ హౌ. రష్ బ్యాండు గెడ్డీ లీ వచ్చి ‘రౌండబౌట్’ పాటలో స్క్వయర్ బేస్ భాగం వాయించాడు. ‘డ్రామా’ను పొద్దున తిట్టి రాత్రి పొగిడే అభిమాని కన్నా ముందే హౌ, డౌన్స్ ఆ ఆల్బంను మొదటి నుంచి చివరి దాకా వేదిక మీద వాయించేశారు. ఇలాంటివి కొత్త అభిమానుల చెవిన పడకుండా చూడాలి. జపాన్ యానిమే ‘జోజో’ చివర ‘రౌండబౌట్’ గిటారు మొదలు విని 2012 తర్వాత వచ్చిన కుర్రాళ్లకు ఇప్పటికే వర్గభేదాలు తెలియవు. ఏది బాగుంటే అది వింటున్నారు.

వాదన పూర్తిగా చేతులు దాటిపోతే ‘ఏదేమైనా స్క్వయర్ రికెన్‌బ్యాకర్ బేస్ మోత వేరండీ’ అనండి. ఎంత పాత పగవాడైనా అక్కడ చల్లబడతాడు.

ఇంతా చదివాక ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారా? ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ వాళ్ల ఉత్తమ ఆల్బం, అందులో నాకు సందేహం లేదు. కానీ మొదట ‘డ్రామా’ వినండి. నలభై నిమిషాలు కూడా ఉండదు, ఉన్నంతసేపూ కూర్చోనివ్వదు. నేను చెప్పానని మాత్రం ఏ యెస్ అభిమానితోనూ అనకండి.