పాటల కొట్టు ఎవరు మూయించారు?

మా రోజుల్లో పాట కొనుక్కునేవాళ్లం. ఈ మాట మా మనవడితో అంటే, "పాట కొనడమేంటి తాతయ్యా?" అని ఫోన్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు. వాడి మీద నాకు కోపం లేదు. పాటకి ఒక కొట్టు ఉంటుందనీ, ఆ కొట్టులో ఒక మనిషి కూర్చుంటాడనీ, ఆయన ఇల్లు గడవాలంటే మనం వెళ్లి కొనాలనీ వాడికి చెప్పినవాళ్లు లేరు. నా కోపమంతా చెప్పాల్సిన వయసులో ఉండి నోరు మూసుక్కూర్చున్నవాళ్ల మీద.

బెజవాడ బీసెంటు రోడ్డు పక్క సందులో ఉండేది మా ప్లేట్ల కొట్టు. రికార్డు అనే మాట చదువుకున్నవాళ్లది. మాకు అది ప్లేటే, కుక్కబొమ్మ ప్లేటు. గోడ పొడవునా చెక్క అరలు, వాటిలో ఖాకీ కాగితం కవర్లలో నిలబెట్టిన ప్లేట్లు, బల్ల మీద చిన్న చిన్న రేకు డబ్బాల్లో పిన్నులు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుకి ప్లేటు వైపు మార్చినప్పుడల్లా కొత్త పిన్ను వెయ్యాలి, లేకపోతే ప్లేటు గీసుకుపోతుంది. అందుకని పాట కొననివాళ్లు కూడా పిన్నులకోసం కొట్టుకి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా! ఒక పాట వినేవాళ్లు, ఇంకో పాట గురించి అడిగేవాళ్లు, నెల తిరిగేసరికి అదీ కొనుక్కుపోయేవాళ్లు.

పాట మూడు నిమిషాల చిల్లర ఎందుకుంటుందో ఈ కాలం పిల్లలకి తెలియదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు అంతకంటే పట్టదు. లక్కతో చేసిన ఆ ప్లేటు చెయ్యి జారితే ముక్కలే. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని రిక్షాలో ఇంటికి తెచ్చుకునేవాళ్లం. నాటకం మొత్తం కావాలంటే ప్లేట్ల సెట్టు కొనాలి. తెనాలి, గుడివాడ వైపునుంచి పద్యం పిచ్చి ఉన్న రైతులు సరుకులకని బెజవాడ వచ్చి, పని చూసుకుని, చివర్లో ఈ కొట్టుకి చేరేవాళ్లు. "రండి పెద్దాయనా, మీకోసమే పక్కన పెట్టాను" అని షాపాయన ఏ హరిశ్చంద్ర పద్యమో వినిపించేవాడు. వాళ్లు నిలబడి వింటూ ఆ రాగం సాగినంతసేపూ తల ఊపేవాళ్లు. కొన్నాళ్లకి ఆ పద్యం ఊళ్లో అందరి నోటా పలికేది.

అసలు కొట్టుని నిలబెట్టినవాళ్లు మైకు సెట్టు వాళ్లు. ఇది చాలామందికి గుర్తులేదు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, ఎన్నికలు, అన్నిటికీ మైకు సెట్టు కావాలి. ఎవరి దగ్గర కొత్త సినిమా ప్లేట్లు ముందొస్తే వాళ్లకే బేరం. అందుకని సినిమా విడుదలవకముందే కొట్టు చుట్టూ తిరిగేవాళ్లు. ఒక్కొక్కరికీ ఖాతా ఉండేది. పెళ్లిళ్ల సీజన్‌కి ముందు అరువు తీసుకుపోయి, సీజన్ అయ్యాక తీర్చేవాళ్లు. ఆ ఖాతా పుస్తకం ఒక్కటి చూస్తే చాలు, కృష్ణా జిల్లాలో ఏ ఊళ్లో ఏ పాట మోగిందో తెలిసిపోయేది. చందాలు, ఉద్యమాలు, సంఘాలు ఏమీ లేవు. ఎవరి అవసరం వాళ్లది, ఆ అవసరాలన్నీ కలిసి ఒక కొట్టుని మోశాయి.

ఎల్పీలు, అంటే ఎక్కువసేపు మోగే ప్లేట్లు, వచ్చాక ఇంకో ముచ్చట. ఒక ఎల్పీ కొంటే గుమాస్తా జీతంలో చెప్పుకోదగ్గ ముక్క పోయేది. అందుకని మా ఆఫీసులో నలుగురం డబ్బులు వేసుకుని కొనేవాళ్లం. వారం ఒకరింట్లో, వారం ఇంకొకరింట్లో. దాన వీర శూర కర్ణ 1977లో వచ్చినప్పుడు దాని మాటల రికార్డులకి ఎంత గిరాకీ ఉండేదంటే, కాకా హోటళ్ల వాళ్లు కూడా కొన్నారు. ఒక్క కాఫీ తాగి దుర్యోధనుడి డైలాగులన్నీ వినిపోయేవాళ్లు జనం. ఘంటసాలగారు 1974 ఫిబ్రవరిలో పోయారు. ఆ తరవాత ఆయన భగవద్గీత బయటికొస్తే, గ్రామఫోను లేనివాళ్లు కూడా దాన్ని కొని పక్కింట్లో పెట్టించుకుని విన్నారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలు. మా వీధిలో అయిదు కుటుంబాలు తలా ఒకటి కొని మార్చుకున్నాయి. వస్తువు ఒకరిది, వినికిడి అందరిదీ. కొట్టుకి మాత్రం పూర్తి డబ్బు ముట్టింది.

ఇప్పుడు యాప్‌లో పాట వెతికితే ఆత్రేయ పాటకి ఆరుద్ర పేరు, ఆరుద్ర పాటకి అసలు పేరే లేకపోవడం. ఒక సినిమా పాట ఇంకో సినిమా బొమ్మ కింద. అడగడానికి మనిషి లేడు. మా షాపాయన దగ్గర చరణం ఒక ముక్క కూనిరాగం తీస్తే చాలు, సినిమా, పాడినవాళ్లు, సంగీతం, ఏ కంపెనీ ప్లేటు, రెండో వైపు ఏ పాట ఉంటుంది, అన్నీ చెప్పి, ఏ అరలోంచి తియ్యాలో కుర్రాడికి వేలు చూపించేవాడు. ఆయన డిగ్రీలు చదవలేదు. పాతికేళ్లు ఆ బల్ల వెనక నిలబడి నేర్చుకున్నాడు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలాది ప్లేట్లు పోగుచేసి, వాటి వివరాలు తవ్వి రాయబట్టి మన పాటల చరిత్ర మనకి కొంతయినా మిగిలింది. అలాంటి పెద్దలకి ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పినవాళ్లు ఇలాంటి కొట్లవాళ్లే.

క్యాసెట్లు వచ్చినప్పుడు కొట్టు పోతుందన్నారు. పోలేదు. 1980ల్లో క్యాసెట్టు ధర దిగి, బస్టాండులో కిళ్లీకొట్టు పక్కన కూడా దొరికే రోజులొచ్చినా, మంచి పాట కావాలన్నవాళ్లు మా షాపాయన దగ్గరికే వచ్చారు. సీడీలు వచ్చాయి, వాటికీ అరలు కట్టించాడు. ఆ తరవాత ఫుట్‌పాత్ మీద వందేసి పాటల ఎంపీత్రీ సీడీలు సిగరెట్ పెట్టె ధరకి అమ్మడం మొదలైంది. దాని వెనకే ఫోన్లు. అయినా కొట్టు కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి దాన్ని చంపింది అద్దె. సందు ఖరీదైంది, బట్టల షాపులు పెరిగాయి, ఇంటి యజమాని అడిగినంత ఇవ్వగలిగే లాభం పాటలో లేదు. అరల్లో మిగిలిన ప్లేట్లు కిలోల లెక్కన పాత సామాన్లవాడికి పోయాయి. కొట్టు మూసే వారం ఊళ్లో అందరూ వచ్చారు. "అయ్యో, మూసేస్తున్నారా?" అన్నారు. ఫొటోలు తీసుకున్నారు. వాళ్లలో సగంమంది పదేళ్లుగా ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఓదార్పులు వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఇది ఒక్క బెజవాడ సంగతి కాదు. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో మ్యూజిక్ వరల్డ్ 2013లో మూశారు. బొంబాయి కాలాఘోడాలో రిథమ్ హౌస్ అంటే దేశమంతా పేరు. 1940ల్లో పెట్టిన ఆ షాపు 2016 ఫిబ్రవరి ఆఖరికి మూతపడింది. మూస్తున్నారనగానే జనం విరగబడి వచ్చారు. ఆ జనంలో సగం నెలకొకసారి వచ్చినా ఆ రోజు అంత తొందరగా వచ్చేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంగ్లీషువాళ్ల దేశం పక్కన వేల్స్ ఉంది. దాని రాజధాని కార్డిఫ్‌లో స్పిల్లర్స్ అనే రికార్డు షాపు 1894లో పెట్టింది. ప్రపంచంలోకెల్లా పాత రికార్డు షాపు అదేనంటారు. ఎడిసన్ మైనపు గొట్టాల కాలంనాటిది. అద్దె పెరిగి ఆ షాపు 2006లో మూతపడేలా ఉందని తెలిసి, ఊరివాళ్లు మూసే రోజుదాకా ఆగలేదు. సంతకాలు సేకరించారు, ఊళ్లో రాజకీయ నాయకులు పూనుకున్నారు, ఆ దేశపు పేరున్న సంగీతబృందం మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ మద్దతుగా నిలబడింది. షాపు బతికింది. తరవాత 2010లో పక్కనే ఉన్న మోర్గన్ ఆర్కేడ్‌కి మారి ఇంకా నడుస్తోంది. మన దగ్గర సమస్య కూడా సరిగ్గా అద్దెదే కదా. ఒక్క సంతకం పెట్టినవాళ్లున్నారా?

అమెరికాలో ఇంకో పని చేశారు. చిన్న షాపులవాళ్లు 2007లో బాల్టిమోర్‌లో కలిసి మాట్లాడుకుని, రికార్డు షాపులకంటూ ఏడాదికి ఒక రోజు పెట్టుకున్నారు. మొదటిది 2008 ఏప్రిల్ 19న జరిగింది. ఆ రోజు కొన్ని రికార్డులు షాపుల్లోనే దొరుకుతాయి, ఇంట్లో కూర్చుంటే రావు. గాయకులు షాపుకొచ్చి పాడతారు. తెల్లవారకముందే జనం వరసలో నిలబడతారు. దానిలో లోపాలు లేకపోలేదు. వరసలో ముందు నిలబడి కొని, సాయంత్రానికి ఇంటర్నెట్‌లో రెట్టింపు ధరకి అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. పెద్ద కంపెనీలు వాటి పాత సరుకునే కొత్త రంగు ప్లాస్టిక్ మీద పోసి పంపడం కూడా ఉంది. అయినా జనం షాపు గుమ్మం ఎక్కడం మళ్లీ అలవాటైంది. 2022లో అమెరికాలో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోతే, ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోయాయి. 1987 తరవాత ప్లేటు సీడీని దాటడం అదే మొదలు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడి కొడుకు శనివారాలు పిల్లల్ని తీసుకుని రికార్డు షాపుకి వెళ్తాడు. బెజవాడ వచ్చినప్పుడు మాత్రం మా ఇంట్లో ఉన్న ప్లేట్లు "ఎవరికైనా ఇచ్చెయ్యి పెదనాన్నా, చోటు ఆక్రమిస్తున్నాయి" అన్నాడు. అక్కడ గౌరవం ఉన్నదానికి ఇక్కడ గౌరవం లేకపోవడమేమిట్రా అని గట్టిగానే అడిగాను.

మనవాళ్ల దగ్గర డబ్బు లేదని ఎవరూ అనకండి. అభిమాన హీరో సినిమా మొదటి ఆటకి వేలు పోసి టికెట్లు కొంటున్నారు. ఇదివరకు ఆడియో ఫంక్షన్ అని జరిగేది. స్టేజీ మీద పెద్దలంతా కలిసి క్యాసెట్టు కాగితం విప్పి, మొదటి క్యాసెట్టు ఒకరు అందుకునేవాళ్లు. మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు వరస ఉండేది. ఇప్పుడు విడుదల చెయ్యడానికి చేతిలో వస్తువే లేదు. ఆ ఫంక్షన్‌కే ప్రీ-రిలీజ్ ఈవెంట్ అని పేరు మార్చారు. లక్ష మంది వస్తారు, బాణాసంచా కాలుస్తారు, ఒక్క పాట కూడా ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరు. ఆ లక్షలో వందమంది సంవత్సరానికి రెండేసి ప్లేట్లు కొంటే ఒక ఊళ్లో ఒక చిన్న షాపుకి అద్దెలో కొంత కలిసొస్తుంది.

ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయనుకోవడమే. స్పాటిఫై అనే పాటల యాప్ మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఏప్రిల్ అయ్యేసరికి సరిగమ కంపెనీతో పేచీ వచ్చి, ఆ కంపెనీ పాటలన్నీ అందులోంచి మాయం. సరిగమ అంటే పాత హెచ్ఎంవీనే, ఆ కుక్కబొమ్మ కంపెనీ. మన ఘంటసాల, సుశీల పాటల్లో ఎన్నో దాని చేతిలోనే ఉన్నాయి. మళ్లీ రాజీ కుదిరి అవి తిరిగొచ్చేసరికి 2020. ఆ ఏడాదంతా నా ప్లేట్లు నా అరలోనే ఉన్నాయి, ఎవరినీ అడక్కుండానే మోగాయి. ఇక 78 ప్లేట్ల మీదే ఉండి, ఏ యాప్‌లోకీ ఎక్కని తెలుగు పద్యాలు, హరికథలు, హాస్యాలు ఎన్ని ఉన్నాయో! అవి అటకల మీద దుమ్ముపట్టి ఉన్నాయి. ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టే రోజున బయటపడి, లారీలో మట్టితోపాటు పోతున్నాయి. చూసి గుర్తుపట్టి పక్కన పెట్టే కొట్టు ఊళ్లో ఉంటే, ఆ ఇంటివాళ్లు ముందు అక్కడికే కబురు పెట్టేవాళ్లు.

ఇంకా కొంతమంది మిగిలారు. హైదరాబాదులో, బెజవాడలో, విశాఖలో పాత సామాన్ల వీధుల్లో వెతికితే ప్లేట్లు అమ్మేవాళ్లు, గ్రామఫోను బాగుచేసేవాళ్లు ఒకరో ఇద్దరో దొరుకుతారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు సగం ధరకి బేరమాడకండి. ఆ ప్లేటు కోసం వాళ్లు ఎన్ని ఇళ్లు తిరిగారో మీకు తెలియదు. కొననిరోజున కూడా ఒకసారి వెళ్లి పలకరించండి, మీ అటక మీద ఏముందో చెప్పండి. మైకు సెట్లు నడిపిన పాత కుటుంబాల దగ్గర పెట్టెలు పెట్టెలుగా ప్లేట్లున్నాయి. వాటిని అమ్మాలనుకుంటే సామాన్లవాడికంటే ముందు ఈ ప్లేట్లు అమ్మేవాళ్లకి చెప్పండి.

బెజవాడలో పుస్తకాల పండగ 1989 నుంచి, ఎక్కువగా జనవరిలో, జరుగుతోంది. టీవీ వచ్చాక ఎవరు చదువుతారన్న రోజుల్లో మొదలుపెట్టిన పండగ అది. ఇవాళ ఊరి మొత్తానికీ అది మా పండగ. పుస్తకానికి అంత చేసిన ఊరు పాటకి చెయ్యలేదా? ఆ పండగ నడిపే పెద్దలకి నాదొక్కటే విన్నపం. వచ్చే జనవరిలో ప్లేట్లు అమ్ముకునేవాళ్లకి రెండు స్టాళ్లు అద్దె లేకుండా ఇవ్వండి. గ్రామఫోను, ప్లేట్లు నేను తెస్తాను. వచ్చిన పిల్లలకి కీ ఇవ్వడం, పిన్ను మార్చడం నేను నేర్పిస్తాను. ఈ పత్రిక చదివేవాళ్లలో ప్లేట్లున్నవాళ్లు కూడా రండి.